ఆకుపచ్చ వరస

ఇన్నాళ్ళూ ఇది రాయలేదంటే కారణం ఒక్కటే, నాకు అక్షరాలు రాకపోవడం. నలభై ఏడో ఏట నేర్చుకున్నాను. దయ్యాలంటే అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పుడు మేం ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా ఆయన ఫౌజులో, సరిహద్దు పోస్టింగులో. అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. చేతులూ మాటా రెండూ పోయాయి.

మా అమ్మాయి హారిక అదే ఊళ్ళో సాకేత్ అనే పేట దగ్గర నర్సింగు చదివేది. కాలేజీలో నలుగురు పిల్లలకి కలిపి ఒక పేషెంటు. ఎవరు ఎక్కడున్నా, ఒకే షీటు తమ ఫోన్లలో తెరిచి రాయాలి. వాళ్ళు మా అత్తగారినే ఎంచుకున్నారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ఒళ్ళంతా చూడడం. అప్పటికే వీపు మీద ఒక పుండు పడి మానింది. ఇంకొకటి పడితే ఆవిడ తట్టుకోలేరని డాక్టరు చెప్పారు.

చేసినవాళ్ళే రాయాలని వాళ్ళ మేడమ్ నియమం. పగలు తిప్పేది నేను, రాసేది హారిక. దొరికిపోయి తిట్లు తింది. దాంతో షీటు నా ఫోనులోనూ పెట్టింది. అందులో ఒక్కొక్కరి రాత ఒక్కో రంగు; నా పేరుకి ఆకుపచ్చ రంగిచ్చింది.

“టిక్ నొక్కు చాలు మమ్మీ. రాసే గడి వదిలెయ్.”

“వేలిముద్ర ఉద్యోగమన్నమాట,” అన్నాను.

ఒకరోజు పన్నెండింటికి అత్తగారిని కుడి పక్కకి తిప్పి, టిక్ నొక్కి, కుర్చీలో కూలబడ్డాను. ఫోను మోగితే మెలకువ వచ్చింది. మూడున్నర! రెండింటికి తిప్పాల్సింది.

“మమ్మీ, నీకు తెలుగు రాయడం ఎప్పుడొచ్చింది?” హారిక.

“నాకా? ఆటలా?”

“క్యా మమ్మీ! నీ గ్రీన్‌లోనే ఉంది. నాకు తెలుగు చదవడం రాదు కదా, ఫోన్‌తో చదివించా. విను.”

ఫోనులో యంత్రం గొంతు చదివింది: “రెండు గంటలకి ఎడమ పక్కకి తిప్పాను. కుడి మడమ ఎర్రబడింది.”

మంచం వైపు చూశాను. అత్తగారు ఎడమ పక్కకే ఉన్నారు. మోకాళ్ళ మధ్య దిండు. దుప్పటి తీస్తే కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు, వేలితో నొక్కినా పోవడం లేదు. హారిక చెప్పినట్టు పిక్క కింద దిండు పెట్టి, మడమ దేనికీ తగలకుండా లేపాను. చర్మం చిట్లకముందే పట్టుకున్నాం.

తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. ఫోను నా ఒళ్ళోనే ఉంది. ఆ నలుగురు పిల్లల్లో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. మా ఆయనకి వచ్చు గానీ ఆయన దగ్గర షీటు లేదు. ఉన్నా, అంత దూరం నుంచి మడమ ఎలా కనిపిస్తుంది?

నిద్రలో నేనే తిప్పానేమో. మరి రాత? అత్తగారినే అడిగాను. నా వైపు కాసేపు చూసి కళ్ళు మూసుకున్నారు. ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.

“మేడమ్ అడిగితే ఏం చెప్పను? డిలీట్ చేసేస్తా,” అంది హారిక. వద్దన్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి మడమ చూస్తే ఎరుపు తగ్గింది. అత్తగారిని తిప్పి, టిక్ నొక్కి, హారిక పాత నోటుపుస్తకం తీసుకున్నాను. ఫోను ఎదురుగా పెట్టుకుని ఆ ఆకుపచ్చ వరసని గీత తర్వాత గీతగా దించడం మొదలుపెట్టాను. మొదటి మాట పూర్తయ్యేసరికి ఎనిమిదైంది. పెన్సిలు పక్కన పెట్టి, అత్తగారిని మళ్ళీ తిప్పడానికి లేచాను.