వంతెన కింద వెచ్చని పట్టీ

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. పోయిన వానాకాలం నాకే జరిగింది. అబద్ధమైతే నా నోరు పడిపోనీ.

ముంబైలో మా కామాఠీపురా ఆడవాళ్లు తెల్లారీ తెల్లారకముందే పట్టాల అవతలి ఫ్లాట్లలో వంటలకూ గిన్నెలకూ పోతారు. నా భార్య పద్మ కూడా పోతుంది. అందరూ ఎక్కేది ఒకటే ఇనుప వంతెన. ఏళ్ల తరబడి రైళ్ల అదురుకు దాని కింది దూలంలో ఒకచోట ఇనుము చిట్లింది. వెంట్రుకంత పగులు. కానీ పాకుతుంది. వెల్డింగ్ పెడితే ఆ వేడికి పాత ఇనుము ఇంకోచోట చిట్లుతుందని రైల్వే ఇంజనీరు కార్బన్ పట్టీ అతికించమన్నాడు. అదే మా పని. పగులు ఇంకా పాకకుండా దాని కొసన రంధ్రం వేసి, రంగూ తుప్పూ గీకి, ఇనుము తళతళలాడేదాకా తుడిచి, జిగురు పూసి నల్లటి పట్టీ వేస్తాం. దాని మీద కరెంటుతో కాగే దుప్పటి చుడతాం. తెల్లవార్లూ వేడి తగలాలి. లేకపోతే ఆ వాన చలిలో జిగురు గట్టిపడదు. పట్టీ చూడ్డానికి బాగానే ఉంటుంది... పట్టు ఉండదు. కింద పగులు పాకుతూనే ఉంటుంది.

ఆ రాత్రి వంతెన మూశారు. పొద్దున తెరవాలి. పట్టీ వేసి, దుప్పటి చుట్టి, నేనూ పాలమూరు అంజయ్యా దూలం కింద వేలాడే పరంజా మీద కూర్చున్నాం. ఇంతలో సూపర్‌వైజర్ షిండే మనుషులు వచ్చి దుప్పటికి కరెంటిచ్చే జనరేటర్‌ను టెంపోలో ఎక్కించుకుపోయారు. వర్లిలో ఇంకో పని ఉందట. ఇదేంటని అడిగితే, పట్టీ అతుక్కుంది కదా అన్నారు. దుప్పటి డబ్బా మీద ఎర్ర లైటు ఆరిపోయింది.

షిండేకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. స్విచ్ ఆఫ్. నేను తిట్టని తిట్టు లేదు. పొద్దున దీని మీద ఎక్కేది మా ఆడవాళ్లు, వాడి ఇంటివాళ్లు కాదు. ఎక్కడైనా ఇంకో జనరేటర్ దొరుకుతుందేమోనని అంజయ్య ఫోరస్ రోడ్ వైపు పరిగెత్తాడు. నేనొక్కణ్ణే మిగిలాను.

తుంపర పడుతోంది. ఆఖరి రైలు పోయింది. చుక్క... చుక్క... నీళ్లు కింద పట్టాల మీద పడుతున్నాయి.

ఎంత చల్లబడిందో చూద్దామని దుప్పటి మీద చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

మిగిలిన వేడేలే అనుకున్నాను. చాలాసేపు ఆగి మళ్లీ పెట్టాను. ఇందాకటి కంటే ఎక్కువ వెచ్చగా ఉంది... జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్లులా. పక్కనే జానెడు దూరంలో ఇనుము చల్లగా, తడిగా ఉంది. వైరు లాగి చూశాను. ప్లగ్గు చేతిలోకి వచ్చింది. దేనికీ తగిలించి లేదు.

అప్పుడు వినపడింది. దూలానికి అవతలి వైపు నుంచి... మెత్తగా... తప్... తప్... తప్... చంటిపిల్లను పడుకోబెట్టేటప్పుడు అరచేత్తో తడతారు చూడండి, అలా. తొందర లేదు. ఆగడమూ లేదు.

అవతల నిలబడటానికి చెక్క ముక్క కూడా లేదు. వంగి టార్చి వేశాను. ఎవరూ లేరు. వెలుగు పడగానే చప్పుడు ఆగింది. వెలుగు తీయగానే... తప్... తప్...

భయమేసింది. దాచడమెందుకు. కానీ భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. జిగురు పచ్చిగా ఉంటే పొద్దున ఇంజనీరు గోరు గుచ్చి చూస్తాడు, వంతెన తెరవనివ్వడు, షిండే దొరికిపోతాడు. నాకున్న ధైర్యం అదొక్కటే. ఇదేమో వాడి పని చేసిపెడుతోంది. అదీ సగం కాచి వదిలేస్తే? పైన గట్టిగా, లోపల పచ్చిగా ఉంటే ఎవరికి తెలుస్తుంది?

"ఎవరో గాని, చెయ్యి తియ్యి," అన్నాను. "సల్లగ కానియ్. పొద్దుగాల మా పద్మ ఎక్కుతది దీని మీద. సమజ్ అయితుందా నీకు?"

చప్పుడు ఆగింది.

దూలానికి చెవి ఆనించాను...

మళ్లీ మొదలైంది. ఈసారి గబగబా. ఏడుపు అందుకున్న పిల్లను తట్టినట్టు.

అంజయ్య ఖాళీ చేతులతో వచ్చేదాకా అది ఆగలేదు. అతను దుప్పటి మీద చెయ్యి పెట్టి, "కరెంట్ వచ్చిందా అన్నా?" అన్నాడు. నేను ప్లగ్గు చూపించాను. అతను చెయ్యి లాగేసుకున్నాడు.

పొద్దున ఇంజనీరూ షిండే వచ్చారు. పట్టీ అంచున పొంగిన జిగురులో గోరు దిగలేదు. రాయి. అదే జిగురు నమూనాకని రేకు ముక్క మీద పూసి దుప్పటి అంచు కిందే పెడతాం. అది ఇంకా వేలికి అంటుకుంటోంది. రేకు చూపించి, రాత్రంతా కరెంటే లేదని అరిచాను. కరెంటు లేకపోతే పట్టీ ఎలా గట్టిపడిందో నువ్వే చెప్పమని షిండే నవ్వాడు. ఇంజనీరు గోరు దిగని అంచే చూసి సరేనన్నాడు. వంతెన తెరిచారు.

మెట్ల దగ్గర పద్మను ఆపాను. "ఇయ్యాల రోడ్డు మీదికెళ్లి సుట్టు తిరిగి పో."

"ఎందుకు? గట్టిగ లేదా?"

"గట్టిగనే ఉంది."

"మరి?"

మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. పనికి ఆలస్యమైతుందని ఆమె నన్ను పక్కకు జరిపి ఎక్కేసింది.

వంతెన ఇవాళ్టికీ నిలబడే ఉంది. షిండే ఇప్పుడు ఏ పనికీ జనరేటర్ రాత్రంతా ఉంచడు. అక్కర్లేదని మా వంతెననే చూపిస్తాడు. ఆ మాట విన్నప్పుడల్లా పళ్లు నూరుకుంటాను. ఆ రాత్రి అక్కడున్నది మా ఆడవాళ్ల కోసం ఉందా, వాడి కోసం ఉందా... లోపలిదాకా కాచిందా, పైపైన కాచిందా... ఎవర్నడగాలి? రోజూ పొద్దున అవతలి మెట్లు దిగాక పద్మ మిస్డ్ కాల్ ఇస్తుంది. అది వచ్చేదాకా నేను కూర్చున్న చోటు నుంచి లేవను.