తడి ఆరేదాకా

పెళ్లికూతుళ్లకు మెహందీ పెట్టేటప్పుడు హుస్నా కఠినంగా ఉంటుంది. ఎండేలోపు వేలు కదిలిస్తే తిడుతుంది. ఆమె గీసిన గీత తెగదని ఆదోనిలో పేరు. ఈ మధ్య అదే మెహందీ కోన్‌లో పాత బ్యాటరీల బొగ్గుపొడీ జిగురూ కలిపిన సిరా నింపి, అట్టమీద ఆకులూ పువ్వులూ ఉన్న లతలు గీస్తోంది. ఆరాక ఆ సిరాలో, అట్ట వెనక బిగించిన బ్యాటరీ, చిన్న సర్క్యూట్ నుంచి కరెంటు పారుతుంది; ఆకును ముట్టుకుంటే పువ్వులో అతికించిన చిన్న బల్బు వెలగాలి. అయితే ఆరేదాకా ఆగడం హుస్నాకు చేతకాదు. లేస్తుంది, కూర్చుంటుంది, గోరు కొరుకుతుంది, తడిమీదే వేలు పెడుతుంది. అలా మూడు అట్టలు పాడయ్యాయి. రేపే ఆమె చదివే కాలేజీలో సైన్సు ప్రదర్శన. సిరా ఒక్క అట్టకే మిగిలింది. "రేపు ఎలగకపోతే ఈ పిచ్చి మానుకోవల్ల," అని తల్లి మున్నీ బీ తేల్చి చెప్పింది.

నాలుగో అట్ట గీసి, హుస్నా చెల్లెలి ముందు రెండు చేతులూ చాపింది. "నిండా మెహందీ పెట్టే. ఇంగ ఎట్ల ముట్టుకుంటానో సూస్తా." రెండు గంటల్లో సిరా ఆరింది, చేతులు ఆరలేదు. "అమ్మీ, నువ్వు ముట్టుకో." మున్నీ బీ కొంగుకు వేలు తుడుచుకుని ఆకుమీద పెట్టింది. పువ్వు వెలిగింది. వేలు తీసి, మళ్లీ పెట్టింది. ఎవరూ అడగకుండానే మూడోసారీ పెట్టింది.

"ఊరికే ముట్టుకోవద్దమ్మీ, అరిగిపోతాది," అంది హుస్నా, పెళ్లికూతుళ్లను తిట్టే గొంతుతో.