గోడ మీది గ్రీకు

మా పక్కవాటాలో ఉండే అమ్మాయి సాయంత్రాలు ఫోనుకు పాఠాలు అప్పజెబుతూ ఉంటుంది. తప్పుపోతే అదే టింగుమని మోగుతుంది, ఎదురుగా పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషి అక్కర్లేదు. మొన్న వరండాలో ఆ టింగులు వింటూ వింటూ, నాకు తెలియకుండానే "లూవో, లూవెయిస్, లూవెయి" అనేసి, మిగతావి ఎవరో అందుకుంటారన్నట్టు ఆగిపోయాను.

అవి ప్రాచీన గ్రీకు క్రియారూపాలు. అహోబిలం అర్చకుల ఇంట పుట్టి, సంస్కృతం చెప్పుకుని బతికినవాడికి గ్రీకుతో ఏం పని అని మీరడగవచ్చు. మన రోజుల్లో చదువుకోసం నంద్యాల వచ్చినవాడికి గది పంచుకునే మనిషి దొరకడమే గొప్ప, కులగోత్రాలు తర్వాతి మాట. నాకు దొరికినవాడు ఆళ్లగడ్డ నుంచి పాస్టరు చదువుకు వచ్చాడు. నేను నా ధాతురూపాలు అప్పజెబుతుంటే వాడు పుస్తకం పట్టుకుని, ఒక్కటి తప్పినా "యాడికి పోతాండావ్, మొదట్నించీ చెప్పప్పా" అని విసుక్కునేవాడు. అంతటివాడూ, బైబిలు మూలం చదవడానికని వాళ్లకు నేర్పే గ్రీకు పరీక్షలో ఒకసారి తప్పాడు. మళ్లీ తప్పితే ఇంటికి పంపేస్తారు; కొడుకు పాస్టరవుతాడని ఊరంతా చెప్పుకున్న నాయనకు ఏ మొహం చూపించాలని వాడికి అన్నం కూడా సయించేది కాదు.

నాకా లిపి రాదు. అందుకని నేను తప్పులు పట్టడానికి వీలుగా, వాడు ఆ రూపాలన్నీ తెలుగు అక్షరాల్లో సుద్దముక్కతో గోడనిండా రాశాడు. ఇల్లుగలామె చూసి ఇదేమిటని అడిగితే, వాడు అమాయకంగా, విప్పుతున్నాను, విప్పుతున్నావు, విప్పుతున్నాడు అని అర్థం చెప్పాడు. ఆ వారమంతా ఆమె బర్రె కట్టు విప్పుకుని పారిపోతోందని పాపం వాడికేం తెలుసు? "ఏందప్పా, నా బర్రె దినామూ పోతాండేది మీ మంత్రాలకా? తుడుస్తారా, గది ఖాళీ చేస్తారా?" అని ఆమె వాకిట్లో నిలబడి అరుస్తుంటే, నవ్వు ఆపుకోలేక మేం పడిన అవస్థ అంతా ఇంతా కాదు.

గోడ తుడిచేశాం. అప్పటికే నాకవి కంఠతా వచ్చేశాయి గనుక, వాడు సగం చెబితే నేను సగం అందుకుంటూ పరీక్ష దాకా ఈడ్చుకొచ్చాం. వాడు పాసయ్యాడు. ఆ కబురు వాళ్ల నాయనకంటే ముందు నాకే చెప్పాడు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది.

తర్వాత వాడు ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో, నేను నంద్యాల బళ్లో ముసలివాళ్లమయ్యాం. బస్టాండులో ఎప్పుడు కలిసినా వాడు దూరం నుంచే మొదలుపెట్టేవాడు, నేను ముగించేవాణ్ణి, జనం మమ్మల్ని వింతగా చూసేవారు. పోయిన వానాకాలంలో వాడు కన్నుమూశాడు. సమాధి దగ్గర వాళ్లవాళ్లు పాటలు పాడారు, ప్రార్థన చేశారు. వెనక వరసలో నిలబడిన నాకు తెలిసినవి ఆ నాలుగు ముక్కలే, అక్కడ ఎలా అనను?

ఇప్పటి పిల్లలకు చదువు ఒంటరిగానే వచ్చేస్తోంది, ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు, మంచిదే. మనకు మాత్రం ఎదురుగా ఒక మనిషి కూర్చుంటే తప్ప ఏ చదువూ వచ్చేది కాదు. నిన్న ఆ అమ్మాయినడిగి ఫోనులో గ్రీకు పెట్టించుకున్నాను. నేను అప్పజెప్పినవన్నీ ఒప్పేనంది. కావాలనే ఒకటి తప్పు చెప్పాను, టింగుమంది. ఆ తర్వాత రావలసిన వాడి విసుగు కోసం కాసేపు కూర్చుని, ఫోను ఆ పిల్లకు ఇచ్చేశాను.