సందర్శన వేళలు

రేపల్లె దగ్గరి మడ అడవుల్లో ఎకో టూరిజం పెట్టడానికి ప్లాన్ రాసుకురమ్మని, రెండువేల ఐదు ప్రాంతంలో మా ఆఫీసు నన్ను హైదరాబాదు నుంచి పంపింది. మర్నాటికి ఇవ్వాల్సిన ఫారంలో ‘సందర్శన వేళలు’ అన్న గడి ఒక్కటే మిగిలింది. అందులో ‘ఉదయం పది నుంచి ఐదు’ అని రాసి, పడవ నడిపే పెద్దాయనకు చదివి వినిపించాను. అప్పటికి అడవి మధ్య కాలవలో నీళ్లు తగ్గి, మా పడవ బురదలో కూరుకుపోయి కదలడం లేదు.

“పదింటికి కాలవలో నీళ్లుండాలి కదమ్మా?” అన్నాడు.

“ఎప్పుడుంటాయి బాబాయ్?”

“ఇయ్యాల తదియ. ఇంకో గంటకి పోటొచ్చి పడవ లేచిద్ది. రేపు ఇంకా ఆలస్యం. అష్టమి, నవములకి ఈ పాయలోకి నీళ్లే సరిగా ఎక్కవు.”

బస్సుల వేళలు చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. నేను వాచీ చూసుకున్నాను, బురద చూశాను, మళ్లీ వాచీ చూసుకున్నాను. “రోజూ మారిపోతే బోర్డు మీద ఏం రాయను?”

ఆయన నాకంటే అయోమయంగా చూశాడు. “వచ్చేవాళ్ల ఇళ్లల్లో కేలండర్ ఉండదా అమ్మా?”

సరిగ్గా గంటకు పడవ లేచింది. సాయంత్రం తెనాలిలో రైలెక్కాక, రాసింది కొట్టేసి ‘తిథిని బట్టి’ అని రాశాను.

వారం తర్వాత ఫారం నా బల్లమీదికి తిరిగొచ్చింది. ఆ గడి పక్కన మా సారు ఎర్ర ఇంకుతో అడిగారు: ‘తిథి అంటే ఉదయమా, సాయంత్రమా?’