మా అత్త మొక్కని మొక్కు

మొన్న మంగళవారం పొద్దున మా అత్త పోయింది. బూర్గంపాడు నుంచి చుట్టాలంతా వచ్చి ఏడ్చారు. నాకింకా ఏడుపు రాలేదు. అందరికీ టీ పెట్టాను, గిన్నెలు కడిగాను.

నా పెళ్లయిన ఏడాదికే చెంపల మీద, చేతుల మీద ఎర్రమచ్చలు లేచి, మందంగా, గరుకుగా బిరుసెక్కాయి. ఊళ్లో కుష్ఠన్నారు. అత్తే నన్ను ఖమ్మం తీసుకుపోయింది. ఇది లూపస్, అంటుకునే జబ్బు కాదన్నాడు చర్మం డాక్టరు. పూతమందులకు లొంగకపోయేసరికి, విటమిన్ ఎ జాతి గోలీలు రాశాడు. "ఇవి వాడినన్నాళ్లూ, ఆపాక మరో మూడేళ్లూ కడుపు రాకూడదమ్మా. బిడ్డ అవకరంతో పుట్టొచ్చు."

మా ఆయన ఒక్కడే కొడుకు. మారుమనువు చేస్తారేమోనని అత్త మొఖంలోకి చూశాను. "నా కోడలి మొఖం బాగైతదా? ముందు గది చెప్పు సారూ," అంది అత్త.

"ఏందక్కా, కోడలికింకా నెల తప్పలేదా?" అని పక్కింటామె అడిగిన రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను.

"అవ్, తప్పలే. నాలుగు శ్రీరామనవములు దాటేదాకా ఇంట్ల తొట్టె కట్టనని రాములోరికి మొక్కిన. నీకేమన్న నొప్పా?"

మొక్కు అన్నాక మా వైపు ఎవరూ మారు మాట్లాడరు. అలాంటి మొక్కేదీ లేదని నాకు తెలుసు. దేవుడి పేరు చెప్పి అబద్ధమేందత్తా అంటే, "రాములోరికీ నాకూ సవాలక్ష ఉంటయి. నువ్వు గోలీ మింగు," అని కసిరేది. ఆ అబద్ధమే నన్ను ఆ ఇంట్లో నిలబెట్టింది.

గోలీలకు పెదాలు పగిలి నెత్తురొచ్చేది. రోజూ పొద్దున్నే ఉంగరపు వేలితో తనే నెయ్యి పూసేది. ఎండ ఆ జబ్బుకు పడదని, బయట అడుగు పెడితే కాళ్లిరగ్గొడతాననేది.

మచ్చలు పల్చబడ్డాయి. గోలీలు ఆపారు. రెండేళ్లు గడిచాక మళ్లీ లేచాయి, మళ్లీ అవే గోలీలు. "ఇంకోటి మొక్కిన," అని ఊరికి చెప్పింది అత్త. ఆ సాయంత్రం అటక మీది తొట్టె దించి, కొంగుతో తుడిచి, తిరిగి పైన పెట్టింది. నేను చూశానని ఆమెకు తెలియదు.

నిన్న పక్కింటామె నా చెయ్యి పట్టుకుని, "పాపం, మొక్కు తీరకుండనే పాయె," అంది. అవునన్నాను.

గూట్లో నేతి గిన్నె ఉంది. చలికి పేరుకున్న నెయ్యిలో ఆమె వేలు తీసిన గాడి అలాగే ఉంది. నాలుగు రోజులుగా పెదాలు పగిలి మండుతున్నాయి. అందులో నా వేలు పెట్టలేకపోతున్నాను.