అమ్మమ్మ మూల, మిరపకాయల మూట

మెక్సికోలోని మా ఒహాకా పాతబస్తీకి వచ్చినవాళ్లు ఎక్కడ తినాలని అడిగితే నేను మా అమ్మమ్మ మూలనే చూపిస్తాను. ఆరో తరగతిలో బడి మానేసినదాన్ని, అంతకంటే పెద్ద సలహాలు నాకు తెలియవు.

అమ్మమ్మ పేరు ఎవుస్తోలియా. మనిషి నా భుజం దాకా ఉంటుంది, గొంతు చర్చి గంట దాకా వెళుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే కాలిబాట మూలన బొగ్గుల పొయ్యి, సున్నం పూసిన మట్టి పెనం, దాని మీద మెమెలాలనే మందపాటి మొక్కజొన్న రొట్టెలు.

కిందటేడు ఆ మూలనున్న మేడను దోన్ ఎవెలియో అనే షావుకారు కొని, డాబా మీద తెల్లగుడ్డలు పరిచిన హోటల్ పెట్టాడు. మా పొగ ఆయన విందుల్లోకి వస్తోందట. రెండుసార్లు లేచిపొమ్మన్నాడు. మూడోసారి మనుషుల్ని పంపాడు.

మిట్టమధ్యాహ్నం ముగ్గురొచ్చారు. ముందున్నవాడు హెర్మిలో. రోజూ పొద్దున్నే మా దగ్గర తినేవాడే.

"అవ్వా, లే. నాతో పాపం చేయించకు."

"పొద్దున తిన్న నాలుగూ అరిగాయా నాయనా? నిండు కడుపుతో తన్నితే కాలు సరిగ్గా లేవదు, చూసుకో."

కాలు బాగానే లేచింది. చిక్కుళ్ల కుండ ముక్కలైంది. అమ్మమ్మ సన్నికల్లు మీది పొత్రం తీసి వాడి మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండోవాడు ఆమె కుడిచెయ్యి వెనక్కి మెలితిప్పాడు. ఈసారి విరిగింది మణికట్టు. నేను వాడి చెవి కొరికాను; వాడి పిడికిలికి నా ముందు పన్ను ఊడింది. మూడోవాడు బకెట్ ఎత్తి, మండుతున్న పెనం మీద చన్నీళ్లు కుమ్మరించాడు. పెనం ఢామ్మని పేలి, ఒక పెంకు అమ్మమ్మ కనుబొమను చీల్చింది.

చెయ్యి విరిగినప్పుడు మూలగని మనిషి పెనం కోసం ఏడ్చింది.

"దీన్ని దారికి తెచ్చుకోవడానికి నెల పట్టిందిరా!"

ఎడమచేత్తో ఎండుమిరపకాయల మూట లాగి, ఆరకుండా మిగిలిన నిప్పుల మీద మొత్తం బోర్లించింది.

ముగ్గురూ కళ్లు నులుముకుంటూ నేల కరిచారు. అమ్మమ్మ ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని, దగ్గు వినిపించిన చోటల్లా పొత్రంతో బాదింది. రెండు దెబ్బలు నాకూ పడ్డాయి. నేనూ దగ్గాను మరి.

ఘాటు డాబాకెక్కింది. అక్కడ పెళ్లి విందు జరుగుతోంది. పెళ్లికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది, వెనకాల బంధువులు ఒకరి మీద ఒకరు పడ్డారు. చివర్లో ఎవెలియో.

"ఆపవే ముసలిదానా! చచ్చేలా ఉన్నారు!"

"మూల ఎవరిది?"

"నీదే, నీదే!"

"గట్టిగా చెప్పు నాయనా. దగ్గులో సరిగ్గా వినపడలేదు."

వీధంతా వినేలా అరిచాడు. పెళ్లికూతురే సాక్షి.

అమ్మమ్మ మణికట్టు వంకరగా అతుక్కుంది. రొట్టెలు ఇప్పుడు చెప్పు అడుగుల్లా వస్తున్నాయి. ఆ మాటంటే పొత్రం లేస్తుంది. కొత్త పెనం ఇంకా మొండికేస్తూనే ఉంది. మిరపకాయల మూట మాత్రం డాబాకి కనిపించేలా, మూతి విప్పి పెడుతుంది.

హెర్మిలో చేతికర్రతో వస్తున్నాడు. మూటకు దూరంగా కూర్చుంటాడు. అమ్మమ్మ వాడికి రొట్టె విసురుతుంది, ఎడమచేత్తో.