ఐసులో మిగిలిపోయిన తొంభై ఒకటి

నా జీవితంలో నలుగురికీ చెప్పుకోదగ్గ తెలివితక్కువ పనులు రెండున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పెద్దదే ముందు చెబుతున్నాను. ఎందుకలాగో చివరికి మీకే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ఇప్పుడే ఒప్పేసుకుంటాను: రావలసిన సీటుని ఎవరో లాక్కోలేదు. నేనే, నా చేత్తోనే, పైగా నవ్వుకుంటూ పోగొట్టుకున్నాను.

మాది బందరు. మా నాన్న గిలకలదిండి హార్బర్లో బోట్లు తెచ్చిన చేపల్ని వేలంపాట పాడి అమ్మిపెడతాడు. ఆయన ఇంట్లో "ఉప్పెక్కడ?" అని అడిగినా పక్కింటివాళ్లు ఉప్పు తెచ్చిచ్చేవారు. అంత గొంతు.

నాకేమో బోట్ల పిచ్చి. ఇంటర్ నోటు పుస్తకాల వెనక పేజీలన్నీ బోట్ల బొమ్మలే. రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో ఒక యూనివర్సిటీ ఉందనీ, అక్కడ బోట్లు, ఓడలు తయారుచేయడం నేర్పే కోర్సుందనీ తెలిసిన రోజు నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. నాన్నకి అసలే లేదు. హార్బర్లో కనిపించిన బోటు ఓనర్‌నల్లా ఆపి, "కొత్త బోటు ఇప్పుడే కట్టించకండి. నాలుగేళ్లాగితే మా గ్రేసు గీసిస్తుంది" అనేవాడు. పాపం, ఒకాయన నిజంగానే ఆగాడు.

ఆ సీటుకి అఖిల భారత ప్రవేశ పరీక్ష రాయాలి. ఏడాదికి రెండుసార్లు పెడతారు. జనవరిలో భయంతో రాస్తే అరవై మూడు పర్సంటైల్ వచ్చింది. ఏప్రిల్లో కసితో రాస్తే తొంభై ఒకటి. యూనివర్సిటీ వాళ్లు రెండిట్లో మనకి నచ్చిన ఒక స్కోరు పంపమన్నారు. ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? ఏమీ లేదు. అయినా నేను మూడు రోజులు ఆలోచించాను.

ఎందుకంటే నేను వేలం పాటగాడి కూతుర్ని. బోటు దిగిన సరుకులో నాన్న ఏ రోజూ మంచి గంప ముందు తీయడు. ముందు చవకరకం కానాగంతల గంప, అదీ చిన్నవి. కొనేవాళ్లు మూతి విరుస్తారు, సణుగుతారు, కానీ గుంపు చేరుతుంది. గుంపు బాగా చిక్కబడ్డాక అప్పుడు తీస్తాడు ఖరీదైన వంజరం చేపల గంప. ఇక చూడాలి తోపులాట! చిన్నప్పటి నుంచీ ఆ గట్టు మీద నిలబడి చూసి, ప్రపంచమంతా ఇలాగే నడుస్తుందని తీర్మానించేసుకున్నాను.

అప్లికేషన్ పెట్టడానికి రఫీ మావయ్య నన్ను బండి మీద నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. రఫీ మావయ్య హార్బర్లో బోట్లకి ఐసు వేస్తాడు. నాన్నకి ప్రాణస్నేహితుడు. నాన్నని "బావా" అంటాడు కాబట్టి మాకు మావయ్య. నేను అరవై మూడు ఉన్న కాగితం అప్‌లోడ్ చేస్తుంటే వెనక నుంచి తొంగి చూశాడు.

"గ్రేసూ, నాకు తెలీకడుగుతా. తొంభై ఒకటి పెద్దదా, అరవై మూడు పెద్దదా?"

"తొంభై ఒకటే మావయ్యా."

"మరి అది పెట్టవే?"

"అయ్యో మావయ్యా, నీకు అర్థం కాదు. కౌన్సెలింగ్ రెండు విడతలుంటుంది. మొదటి విడతలో చిన్నది చూపిస్తా. మూతి విరుస్తారు. రెండో విడతలో తొంభై ఒకటి తీస్తా. అప్పుడు చూడు!"

"ఇక్కడేదో ఎర్రక్షరాల్లో రాసుందమ్మా."

రాసుంది. 'మీరు ఎంచుకున్న ఒక్క స్కోరునే పరిగణిస్తాం. సమర్పించాక మార్పులకు వీలు లేదు.' చదివాను కూడా. చదివి, "అది ఈ విడతకి" అని నా సొంత అర్థం ఒకటి చెప్పి, టక్కున బటన్ నొక్కాను.

"ఐసు కొట్టుకునేవాణ్ణి, నాకేం తెలుస్తుందిలే" అన్నాడు మావయ్య, బండి తాళం తీసుకుంటూ. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు తలెత్తుకోబుద్ధి కాదు.

అక్కడితో ఊరుకున్నానా? ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని అమ్మ లేపింది. మైకు పట్టుకుని, "దేవుడు నాకు తొంభై ఒకటి ఇచ్చాడు" అన్నాను. చప్పట్లు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆ తొంభై ఒకటిని నేను పంపకుండా దాచానన్న సంగతి దేవుడికి తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. ఆయనా ఆ రోజు ఏమీ అనలేదు.

మొదటి విడత జాబితాలో నా పేరు లేదు. నేను చిరునవ్వు నవ్వాను. నాన్న కంగారుపడితే, "గుంపు చేరుతోంది నాన్నా" అన్నాను. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో విడత మొదలైన రోజు యూనివర్సిటీకి ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి, ఇంటిల్లిపాదీ వినేలాగ. అప్లికేషన్ నంబరు చెప్పి అసలు సంగతికొచ్చాను.

"సార్, నా ఇంకో స్కోరు ఇప్పుడు పంపించాలండీ."

"ఇంకోటి పంపడానికి లేదమ్మా. రెండో విడతకీ పాత స్కోరే. మీది అరవై మూడు."

"నాకు తొంభై ఒకటి ఉంది సార్!"

"ఉందా? తొంభై ఒకటికి మొదటి విడతలోనే సీటొచ్చేసేదమ్మా. ఎందుకు పంపలేదు?"

"దాచానండీ."

"దాచారా! ఎందుకు?"

"మంచి గంప ముందు తీయకూడదని..."

అవతల ఆయన, పాపం, ఎంతో మర్యాదగా, "ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారామ్మా?" అన్నాడు.

ఉన్నారు. ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఆ గొంతు ఇప్పుడు లేస్తుందని చెవులు మూసుకున్నాను. లేవలేదు. నాన్న నా పక్కన కూర్చుని, నేను ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

"చిన్న గంప ముందు పెట్టేటప్పుడు పెద్ద గంప ఎక్కడుంటుందే?"

"నీ వెనకాల."

"నా వెనకాల, గట్టు మీద. అందరికీ కనబడేలాగ. దాని కోసమే కదే వాళ్లు నిలబడేది! నువ్వు దాన్ని బోటులో ఐసులోనే ఉంచేసి పాట ముగించేశావు గదమ్మా."

పదిహేనేళ్లు చూశానండీ ఆ పాట. వెనకాల గంప ఒక్కటే చూడలేదు. తిట్టినా బాగుండేది. తిట్టకపోయేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఏడాది ఆ కోర్సుకి ఇంక దారి లేదు. గుడివాడలో మెకానికల్‌లో చేరాను. నాలుగేళ్లు పామర్రు మీదుగా బస్సు. బోటు ఓనరు వేరేవాళ్లతో కట్టించుకున్నాడు. నేను ఎదురుపడితే బోటు సంగతి తప్ప అన్నీ మాట్లాడేవాడు.

అసలు దెబ్బ ఇది కాదు. గుడివాడలో చేరిన వారానికి నాన్నకి టిఫిన్ ఇవ్వడానికి హార్బర్‌కి వెళ్లాను. అప్పుడే పాట మొదలవుతోంది. నాన్న మొట్టమొదటే వంజరం గంప తీసి ముందు పెట్టాడు. గుంపు లేదు, ఏమీ లేదు. ఉన్న నలుగురూ అనుమానంగా కిందకి వంగి చూస్తున్నారు, అడుగున ఏం కుళ్లిందోనని.

రఫీ మావయ్య పరుగెత్తుకొచ్చాడు. "బావా! పెద్దది ముందు తీశావేంటి? మతి పోయిందా?"

నేను వెనక ఉన్నానని నాన్నకి తెలియదు.

"ఆ అలవాటు చూసే కదా రఫీ, పిల్ల సీటు పోగొట్టుకుంది. ఇంక దాని కళ్ల ముందు అలా పాడలేను" అన్నాడు.

టిఫిన్ డబ్బా మావయ్య చేతిలో పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బస్సెక్కాను.

అందుకని, గిలకలదిండి గట్టు సాక్షిగా, ఆ రోజు కొనేవాళ్లు రాక ఎండలో పడున్న వంజరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా దగ్గరున్నవాటిలో మంచిదాన్ని ఇంకెప్పుడూ వెనక దాచను. చూశారుగా, నా తెలివితక్కువ పనుల్లో కూడా పెద్ద గంపే ముందు పెట్టాను.